ప్లాస్టిక్ గ్రాస్ గ్రిడ్ రివ్యూ: బెంగళూరు ఇంటి ముందు కారుకు గడ్డి పార్కింగ్

గడ్డి నలగకుండా కారు నిలపడానికి నేల మీద పరిచే ప్లాస్టిక్ గళ్ల పలకలే గ్రాస్ గ్రిడ్లు. ఇవి అమ్మేవాళ్లు ముందుగా చెప్పే మాట, "సార్, లారీ ఎక్కినా ఏం కాదు" అని. ప్యాకింగ్ మీద కూడా చదరపు మీటరుకు ఇన్ని వందల టన్నులు అని పెద్దక్షరాల్లో కొట్టి ఉంటుంది. కొనేటప్పుడు పక్కన పెట్టేయాల్సిన అంకె అదే. ఎందుకో చిన్న లెక్కలో తేలిపోతుంది. టైరు నేలను నొక్కే ఒత్తిడి ఇంచుమించు ఆ టైరులో ఉన్న గాలి ఒత్తిడితో సమానం. కారు టైర్లకు కొట్టించే 33 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.3 కిలోలు, చదరపు మీటరుకు 23 టన్నులు. 900 కిలోల చిన్న కారైనా, 1800 కిలోల పెద్ద బండైనా పెద్ద తేడా రాదు. బరువు పెరిగితే టైరు నేలకు ఆనే జాగా కూడా పెరుగుతుంది కాబట్టి. ఓ మోస్తరు నాణ్యత ఉన్న ఏ గ్రిడ్డయినా ఆ 23 టన్నులు తేలిగ్గా మోస్తుంది.

గడ్డి పార్కింగ్ పాడయ్యేది వేరే మూడు చోట్ల. కింద నేల కుంగుతుంది. కదలకుండా నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే పలకలను కలిపే క్లిప్పులు ఊడతాయి. లేదా గడ్డి చస్తుంది. మూడింటికీ ప్యాకింగ్ మీది టన్నులతో సంబంధం లేదు. కారును మోసేది గ్రిడ్డు కింద వేసిన రాయి. గ్రిడ్డు చేసే పనల్లా గడ్డి మొదలు నలిగిపోకుండా, గళ్లలోని మట్టి సిమెంటులా గట్టిపడకుండా కాపాడటం. ఇది మనసులో పెట్టుకుని కొంటే ఈ సరుకు మంచిదే. "గ్రిడ్డే చూసుకుంటుందిలే" అనుకుంటే మొదటి అక్టోబరు వానల్లోనే చక్రాల దారిలో కాలువలు పడతాయి.

ఈ రివ్యూ 500 × 500 × 40 ఎంఎం తేనెపట్టు గళ్ల గ్రిడ్డు గురించి. హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన నల్ల రకం. కాంక్రీటు గ్రాస్ పేవర్ల (గడ్డికి గళ్లు వదిలిన సిమెంటు పలకల) సంగతి చివర్లో.

తవ్వే ముందు

బెంగళూరులో పార్కింగ్ కింద ఏముందో ఇంటివాళ్లకే తెలియని ఇళ్లు బోలెడు. థర్టీ-ఫార్టీ (30 × 40 అడుగుల) సైట్లలో సంప్ చాలావరకు కారు నిలిపే చోటే ఉంటుంది. దాని పక్కనుంచి కావేరి నీటి పైపు, డ్రైనేజీ ఛాంబర్, కరెంటు ఎర్తింగ్ గుంత. మనం తవ్వాల్సింది ఎనిమిదిన్నర అంగుళాలు. సంప్ స్లాబు దానికంటే పైనే తగులుతుంది. స్లాబు మీద గడ్డి పెట్టొద్దు. వేరుకు లోతుండదు, నీళ్లు మూత సందుల్లోంచి తాగే నీటిలోకి దిగుతాయి. సంప్ ఉన్నంత మేర మామూలు పేవర్లు వేసి, చుట్టూ గట్టు కట్టి, మిగతా చోటే గ్రిడ్డు వేయాలి. పాత ప్లంబింగ్ డ్రాయింగ్ దొరక్కపోతే మీటరు దగ్గర్నుంచి సంప్ దాకా ఒక్క గీతలో చేత్తో, చిన్న పారతో తవ్వి పైపు ఎంత లోతులో ఉందో చూసుకున్నాకే గడ్డపార పట్టాలి.

ఎండ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పైన బాల్కనీ గానీ, స్టిల్ట్ శ్లాబు గానీ ఉంటే ఈ పని మొదలుపెట్టొద్దు. గరిక జాతికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. రోజూ ఆఫీసుకెళ్లి రాత్రికొచ్చే కారు కింద గడ్డి హాయిగా బతుకుతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ కారు, అంటే వారానికి ఐదు రోజులు కదలని కారు, కింద గడ్డిని చీకటికే చంపేస్తుంది. ఆ లోపాన్ని ఏ కంపెనీ గ్రిడ్డూ తీర్చలేదు.

ఇక నీరు ఇంకడం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి, ఇంకిపోయాక మళ్లీ నింపి, రెండోసారి గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం కన్నా ఎక్కువ దిగితే చాలు. ఊళ్లో ఎర్రమట్టి నేలలు చాలావరకు పాసవుతాయి. పాత చెరువుల కిందుగా వెలిసిన లేఔట్లలో నల్ల బంకమట్టి తగిలితే మాత్రం తేలిక కాదు. అక్కడ రాతి పొర అడుగున 4 అంగుళాల చిల్లుల పైపు పరిచి ఇంకుడు బావికి గానీ, వాననీటి కాలువకు గానీ కలపాలి.

కొనేటప్పుడు చేతిలో పట్టుకుని చూడాల్సినవి

ఆన్‌లైన్ ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ముందు నాలుగు పీసులు శాంపిల్ తెప్పించుకోండి. నాలుగే ఎందుకంటే క్లిప్పుల పరీక్షకు రెండువైపుల జాయింట్లూ కావాలి. నాలుగింటినీ చదరంగా కలిపి, ఒక మూల పట్టుకుని ఎత్తి, దుప్పటి దులిపినట్టు దులపండి. ఒక్క క్లిప్పు ఊడినా ఆ సరుకు వద్దు. మరీ బిగుతుగా, సుత్తితో కొడితే తప్ప పడనివీ మంచివి కావు. ఎండకు ప్లాస్టిక్ సాగినప్పుడు కాస్త కదలడానికి చోటుండాలి. తోసి కింద జారితే తాళం పడే స్లాటు రకం, పైనుంచి నొక్కే కొక్కెం రకం కన్నా మెరుగు. నిలబెట్టిన చోట స్టీరింగ్ తిప్పితే టైరు నేలను పక్కకు మెలిపెడుతుంది. కొక్కెం రకం ఆ మెలికకే లేచిపోతుంది.

రెండో పరీక్షకు బకెట్టు నీళ్లు చాలు. శాంపిల్ పీసు అంచు నుంచి చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ రెండూ నీటికన్నా తేలిక, తేలాలి. మునిగిందంటే సుద్దపొడి దండిగా కలిపారని అర్థం. బరువు తూగడానికి కలిపే ఈ సుద్ద వల్ల పీసు చేతికి గట్టిగా, దిట్టంగా అనిపిస్తుంది. కొన్నవాళ్లు మోసపోయేది అక్కడే. రెండు ఎండాకాలాలు గడిచేసరికి గాజులా విరుగుతుంది. నీళ్లలో వేసే ముందు ముక్కకు అంటిన గాలి బుడగలు తుడిచేయండి, లేకపోతే మునగాల్సిందీ తేలుతుంది.

మూడోది, ఒక గడి గోడను పట్టకారుతో పట్టి తొంభై డిగ్రీలు వంచడం. వంగి తెల్లగీత పడితే ఫరవాలేదు. టప్పున విరిగితే తిరిగి పంపించేయండి. గోడ మందం వెర్నియర్‌తో కొలిస్తే 2 ఎంఎం కన్నా తక్కువుండకూడదు. ఎత్తు 40 ఎంఎం. 25 ఎంఎం రకాలు నడకదారులకు, సైకిళ్లకు సరి. వాటిలో వేరుకు చాలినంత మట్టి పట్టదు.

రంగు దగ్గర చాలామంది పచ్చదానికి ఓటేస్తారు. గడ్డి పెరిగేదాకా పచ్చగా కనిపిస్తుందని. నల్లది తీసుకోండి. నలుపు తెచ్చే కార్బన్ బ్లాకే ఎండ దెబ్బ నుంచి ప్లాస్టిక్‌ను కాపాడేది. రెండు నెలల తర్వాత గడ్డి కప్పేస్తే ఏ రంగయినా ఒకటే.

ధర అడిగేటప్పుడు కొలత ఏమిటో తేల్చుకోండి. ఒకరు పీసుకు చెప్తారు, ఒకరు చదరపు అడుగుకు, ఇంకొకరు చదరపు మీటరుకు. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు, పీసుకు 2.69 చదరపు అడుగులు. జీఎస్టీ, రవాణా కలిపి అన్నిటినీ అడుగు రేటులోకి మార్చాకే పోల్చాలి. ఇవి గాలి నిండిన సరుకు, బరువు తక్కువ, జాగా ఎక్కువ. కొరియర్‌వాళ్లు జాగాకు డబ్బు పట్టుకుంటారు. ఊళ్లోనే స్టాకున్న డీలరు దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా మొత్తానికి గిట్టుబాటు.

ఒక కారుకు లెక్క

గట్టు లోపల 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల 3 అంగుళాల పొడవు పెట్టుకుంటే పీసు కోసే పనే ఉండదు. వెడల్పుకు 6, పొడవుకు 11, మొత్తం 66 పీసులు. నాలుగు వైపులా ఇంచుమించు అంగుళం సందు మిగులుతుంది, అది కావాలనే. 70 కొనండి. మిగిలిన నాలుగూ అటక మీద పెట్టుకోండి, ఎందుకంటే రెండేళ్ల తర్వాత అదే కంపెనీ దగ్గర కూడా అదే క్లిప్పు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

తవ్వకం సుమారు 130 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). తవ్విన మట్టి పొంగి 165 అవుతుంది, ట్రాలీ సైజును బట్టి రెండు ట్రాక్టరు లోడ్లు. అందులో పైపై నాలుగు అంగుళాల మట్టి జల్లెడ పట్టి పక్కన దాచుకోండి, గళ్లలోకి అదే పనికొస్తుంది. 40 ఎంఎం జెల్లీ, అంటే కంకర, 75 సీఎఫ్‌టీ, 20 ఎంఎం, 12 ఎంఎం కలిపి 40 సీఎఫ్‌టీ. పై సందులు పూడ్చడానికి 6 ఎంఎం చిప్స్ పది సీఎఫ్‌టీ. గ్రిడ్డు కింద పరిచే పొరకు కాంక్రీటు రకం ఎం-శాండ్ (రాయి పిండి చేసి తీసిన ఇసుక) 20 సీఎఫ్‌టీ. ప్లాస్టరింగుకు వాడే పీ-శాండ్ తేవద్దు, అది నీటికి బురదలా పట్టేస్తుంది. మట్టిని ఆపి నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ, నాన్‌వోవెన్ (నేయని) 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) రకం, అతుకుల దగ్గర అడుగు మడతతో కలిపి 23 చదరపు మీటర్లు. అంచుకు 4 అంగుళాల సాలిడ్ బ్లాకులు, వాటి వెనక దన్నుగా కాంక్రీటు పోయడానికి రెండు బస్తాల సిమెంటు.

కింది పని

కాంట్రాక్టరు కొటేషన్లలో ఎక్కువసార్లు మాయమయ్యే పొర రాతి పొర. "ఇసుక రెండంగుళాలు, పైన గ్రిడ్డు, పైన లాన్" అని రాసిస్తారు. ఎండాకాలం దాకా అది బాగానే ఉంటుంది. వానకు కింద మట్టి మెత్తబడగానే ఇసుకతో సహా దిగబడుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే. "జెల్లీ ఎన్ని అంగుళాలు, ఎన్ని పొరలుగా కొడతారు?" జవాబు తడబడితే సొంతంగా చేసుకోవడమే నయం. పని కష్టం కాదు, కాకపోతే మనుషులు కావాలి. తవ్వకానికి, మోతకు ఇద్దరు కూలీలు రెండు రోజులు, తర్వాత ఇంట్లో ఇద్దరు చాలు.

అడుగున ఉన్న మట్టిని తడిపి, పట్టుకుంటే ఉండకట్టేంత తేమ ఉన్నప్పుడు దట్టించాలి. పొడిమట్టి మీద ఎంత కొట్టినా ఎగురుతుంది తప్ప కుదరదు. బురద మీద కొడితే పిండిలా ఊగుతుంది. అలా ఊగే చోటు ఎక్కడైనా తగిలితే ఆ మేరకు తవ్వేసి జెల్లీతో నింపాలి. ఇరుకు మూలల్లో ఇనుప దిమ్మిస సరిపోతుంది. మిగతాదంతా ప్లేట్ కాంపాక్టర్ అద్దెకు తెచ్చి కొట్టాలి. అద్దె రోజులెక్కన ఉంటుంది కాబట్టి జెల్లీ దిగిన రోజే దాన్ని పిలవండి. మట్టికీ రాతికీ కలిపి ఒక్క రోజులో పూర్తవుతుంది.

వాలు ఈ దశలోనే రావాలి. తర్వాత ఇసుకతో సర్దుదాం అనుకుంటే ఇసుక ఒకవైపు అంగుళం, ఇంకోవైపు మూడంగుళాలు అయి, మందం ఉన్నవైపు కుంగుతుంది. ఇంటి గోడ నుంచి గేటు వైపు 18 అడుగులకు 3 అంగుళాల వాలు. లెవెల్ పైపుతో రెండు మూలలు గుర్తుపెట్టి నూలు దారం కట్టుకుంటే చాలు, రసమట్టం అంత దూరానికి నమ్మకంగా పనిచేయదు. లోపలికి తెరుచుకునే గేటయితే రెక్క కింద రెండంగుళాలు ఖాళీ ఉండేలా చూసుకోండి. గడ్డి ఎత్తు లెక్కలో వేసుకోక గేటు గడ్డిని గొరిగేస్తున్న ఇళ్లు ఉన్నాయి.

తర్వాత జియోటెక్స్‌టైల్. ఇది మట్టికీ జెల్లీకీ మధ్య వేయాలి, గోడల మీదికి కాస్త ఎక్కించి. మట్టి పైకి రాకుండా, రాయి దిగబడకుండా ఆపుతుంది, నీళ్లను వదిలేస్తుంది. కొన్ని కంపెనీల బొమ్మల్లో దీన్ని గ్రిడ్డుకు సరిగ్గా కింద చూపిస్తారు. అలా వేస్తే గడ్డి వేళ్లకు ఆ గుడ్డ అడ్డుపడి, చాలావరకు 40 ఎంఎం మట్టిలోనే ముడుచుకుంటాయి. ఏప్రిల్లో రెండు రోజులు నీళ్లు తప్పితే మాడిపోతుంది.

జెల్లీ మొదట 40 ఎంఎం నాలుగంగుళాలు, కాంపాక్టర్ మూడుసార్లు. పైన 20, 12 ఎంఎం మిశ్రమం రెండంగుళాలు, మళ్లీ మూడుసార్లు. ఆపైన 6 ఎంఎం చిప్స్ చల్లి చీపురుతో సందుల్లోకి ఊడ్చాలి. ఈ చిప్స్ పొర మానేస్తే పైన పోసే ఇసుక వాన వానకూ రాళ్ల సందుల్లోకి జారి, ఆరు నెలల్లో అక్కడక్కడా దొప్పలు పడతాయి. రోడ్లకు వాడే వెట్ మిక్స్ గట్టిగా ఉంటుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. దానిలో దుమ్ము ఎక్కువ. దట్టిస్తే నీరు ఇంకదు, గడ్డి వేరు కుళ్లుతుంది.

పైన అంగుళం మందం ఎం-శాండ్, అందులో పదింట మూడొంతులు ఎరువు కలిపి, గొట్టం అడ్డంపెట్టి సమంగా లాగాలి. దీన్ని కాంపాక్టర్‌తో కొట్టొద్దు.

గ్రిడ్డు పరవడం

పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు పరిచి, అదే రోజు గళ్లు నింపేయాలి. దీనికి కారణం ప్లాస్టిక్ వ్యాకోచం. 30 డిగ్రీల తేడాకు 18 అడుగుల పొడవులో దాదాపు అంగుళం సాగుతుంది. ఖాళీ నల్ల గ్రిడ్డు మే ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. సందు లేకుండా గట్టుకు ఆనించి పరిస్తే మధ్యాహ్నానికి మధ్యలో అప్పడంలా లేస్తుంది. మట్టి నిండి గడ్డి కప్పాక ఈ బెడద ఉండదు. చుట్టూ ఉన్న అంగుళం సందును ఇసుకతోనే నింపండి, సిమెంటుతో మూయొద్దు.

గేటు వైపు మొదటి రెండు వరుసల మీదే స్టీరింగ్ మెలిక ఎక్కువ. 8 ఎంఎం ఇనుప చువ్వను అడుగు పొడవు కోసి, కొస కొక్కెంలా వంచి, ఆ రెండు వరుసల్లో పీసుకు ఒకటి చొప్పున గడి గోడ మీదుగా దిగ్గొట్టండి. చువ్వ తల గ్రిడ్డు అంచుకంటే కిందికి దిగాలి, లేదంటే టైరుకు గుచ్చుకుంటుంది.

ఇంట్లో స్కూటర్ కూడా ఉంటే సైడ్ స్టాండు ఆనే చోట ఒక పీసు మేర గ్రిడ్డు తీసి, చదరపు అడుగు కడప రాయి పొదగండి. స్టాండు కొస గడిలో దిగి స్కూటర్ పక్కకు ఒరగడం ఈ గ్రిడ్లన్నిటికీ ఉన్న లోపం. ఒక్క డీలరూ దీన్ని ముందు చెప్పడు. టైరు మార్చాల్సొస్తే జాకీ కింద కూడా ఒక పలక పెట్టుకోవాలి.

గడ్డి: సగం పని ఇదే

నర్సరీలో కార్పెట్ గడ్డి చూపిస్తారు, మెత్తగా, దిండులా ఉంటుంది. పార్కింగ్‌కు వద్దు. మెక్సికన్ గడ్డి, కొరియన్ గడ్డి లాంటి జోయ్‌సియా జాతులు తొక్కుడుకు ఓర్చుకుంటాయి గానీ, దెబ్బ తగిలితే కోలుకోవడానికి నెలలు పడతాయి. ఇక్కడ నిలిచేది బెర్ముడా, అంటే మన గరిక. వినాయకచవితికి తెచ్చే ఆ గరికే. నర్సరీ రకాల్లో సెలెక్షన్ వన్ అని అడగండి. కారు చక్రం చీల్చినా పక్క గడి నుంచి తీగ పాకి వారాల్లో కప్పేస్తుంది. కొంచెం నీడ తప్పనిసరి అయితే బఫెలో గడ్డి ఓర్చుకుంటుంది. ఆకు వెడల్పు, చూడ్డానికి మోటు, తొక్కుడుకు గరికంత గట్టిది కాదు.

చాలామంది చేసే తప్పు గళ్లను మట్టితో అంచు దాకా నింపి, పైన లాన్ మ్యాట్లు పరిచేయడం. ఆ రోజు ఫోటోకు అద్భుతంగా ఉంటుంది. మ్యాటు గ్రిడ్డు పైన కూర్చుంది కాబట్టి గ్రిడ్డు దాన్ని కాపాడలేదు. టైరు తిరిగినప్పుడు చాపలా జరుగుతుంది. పైగా మ్యాట్ల అడుగున ఉండే జిగట మట్టి గళ్ల నోళ్లు మూసేస్తుంది.

సరైన పద్ధతి తోటమాలికి కాస్త విసుగు. జల్లించిన ఇసుక ఆరు గంపలు, దాచుకున్న ఎర్రమట్టి రెండు, బాగా మాగిన ఎరువు రెండు కలిపి గళ్లలో పోయాలి. మొత్తం 20 సీఎఫ్‌టీ పడుతుంది. నీళ్లు పెట్టి కుదురుకోనిచ్చి, మళ్లీ పోసి, చివరికి మట్టి గ్రిడ్డు అంచుకు 10 ఎంఎం కింద ఆగాలి. ఇది గీత గీసినట్టు పాటించాల్సిన కొలత. టైరు ప్లాస్టిక్ అంచు మీద నడవాలి, గడ్డి మొదలు ఆ 10 ఎంఎం లోతులో దాగుండాలి. బొటనవేలి గోరు గడిలో నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది, గోరు మునగాలి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ వేయొద్దు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించి గళ్లను ఖాళీ చేస్తుంది.

లాన్ మ్యాట్లు కొన్నా సరే, టబ్బులో మట్టి కడిగేసి, తీగలు విడదీసి, రెండు కణుపులున్న ముక్కలుగా తుంచి, గడి విడిచి గడిలో నాటండి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. ఇలా నాటితే మ్యాట్ల ఖర్చు బాగా తగ్గిపోతుంది. మే నెలాఖరు నుంచి జూలై దాకా నాటితే వానలే సగం పని చేస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో గరిక కదలదు, ఆ నెలల్లో మొదలెట్టొద్దు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు కారు ఎక్కించకూడదు. ఈ రెండు నెలలు కారు ఎక్కడ పెట్టాలో ముందే అనుకోండి. బెంగళూరు వీధుల్లో అది చిన్న సంగతి కాదు. చాలా గడ్డి పార్కింగులు చెడేది ఈ ఒక్క తొందరలోనే. ఎక్కించే ముందు ఒక కుచ్చు పట్టి లాగండి. ఊడి వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి.

కలుపులో అసలు శత్రువు తుంగ. ఎరువుతో, జల్లించని మట్టితో గడ్డలు వస్తాయి. పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ గడిలోనే ఉంటుంది. మొదటి నెలలో సన్న కడ్డీతో గడ్డతో సహా తీసేస్తేనే పోతుంది. జాలి పడితే వచ్చే ఏడు గరిక కన్నా తుంగే ఎక్కువ.

కోత ఒకటిన్నర అంగుళం ఎత్తులో. నైలాన్ తీగ ట్రిమ్మర్‌ను నేలకు ఆనిస్తే గ్రిడ్డు అంచులు తినేస్తుంది.

నీళ్లు

ఎండాకాలంలో రోజుకు 4 ఎంఎం లెక్కన ఈ జాగాకు 67 లీటర్లు. రోజూ చిలకరించడం కన్నా వారానికి రెండుసార్లు 230 లీటర్ల చొప్పున పెట్టండి, వేరు కిందికి దిగుతుంది. ఆ నీళ్లు ఎక్కడివన్నదే ప్రశ్న. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5 వేల రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి వేసవి మళ్లీ రాదనుకుని లాన్ వేయడం తెలివి కాదు. వాషింగ్ మెషీన్‌లో రెండోసారి జాడించిన నీళ్లు గరికకు సరిపోతాయి, అది ఉప్పుకు కొంత ఓర్చుకుంటుంది. అవీ లేకపోతే గడ్డి ఎండి గోధుమరంగు తిరుగుతుంది. అయినా చావదు, మేలో రెండు వానలు పడగానే చిగురిస్తుంది. కార్పెట్ గడ్డయితే మళ్లీ కొనుక్కోవాల్సిందే.

లాభం వైపు చూస్తే, నగరంలో ఏడాదికి సుమారు 970 ఎంఎం వాన. ఈ ఒక్క కారు జాగా మీద 16 వేల లీటర్లు పడతాయి. సిమెంటు చేస్తే అదంతా వీధిలోకి పోతుంది. 1200 చదరపు అడుగులు, ఆపైన సైట్లలో కొత్త ఇళ్లకు వాననీటి సంరక్షణ ఎలాగూ తప్పనిసరి. గడ్డి పార్కింగ్ ఆ ఇంకుడు బావికి ప్రత్యామ్నాయం కాదు, దాని మీద భారం మాత్రం తగ్గిస్తుంది.

కాంక్రీటు గ్రాస్ పేవరుతో పోలిస్తే

80 ఎంఎం కాంక్రీటు రకం దశాబ్దాలు నిలుస్తుంది, స్టీరింగ్ మెలికకు చలించదు, స్కూటర్ స్టాండు గొడవ చాలావరకు ఉండదు. వాడకంలో దానిదే పైచేయి. కానీ గడ్డికి దొరికే జాగా నలభై శాతం దరిదాపుల్లోనే, ప్లాస్టిక్‌లో తొంభై దాకా. కాంక్రీటు పగలంతా వేడెక్కి గళ్ల అంచుల గడ్డిని మాడుస్తుంది, తడిని తనే పీల్చేస్తుంది. దూరం నుంచి చూస్తే పచ్చ చుక్కలున్న సిమెంటు నేలే. మోత కూడా తక్కువేం కాదు. ఇదే జాగాకు దాదాపు రెండు టన్నుల బ్లాకులు, తవ్వకం పది అంగుళాలు. ప్లాస్టిక్ మొత్తం వంద కిలోలు దాటదు, ఇద్దరు ఒక్క పూటలో పరిచేస్తారు. సొంతంగా చేసుకునేవాళ్లకు ఆ తేడా పెద్దది.

కారు పగలు కూడా ఇంట్లోనే ఉండే ఇళ్లకు మధ్యేమార్గం ఉంది. గ్రిడ్డు అంతటా ఒకటే పరిచి, కారు కింద పడే భాగంలో గడ్డికి బదులు 12 ఎంఎం జెల్లీ నింపి, గేటు దగ్గరి నాలుగు అడుగుల్లో, రెండు పక్కల అడుగున్నర మేర మాత్రం గరిక నాటడం. నీళ్ల ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, చూపుకు పచ్చదనం పోదు.

మార్కులు: గట్టిదనానికి, సుద్ద కలపని సరుకైతే, 5కి 4. సొంతంగా చేసుకునే సులువుకు 4. స్టీరింగ్ మెలికకు 2.5, చువ్వలు కొడితే 3.5. స్కూటర్ ఉన్న ఇంటికి 2. రోజంతా కారు నిలిపి ఉంచే ఇంట్లో గడ్డికి 1, జెల్లీ నింపుకుంటే 4. డీలర్లు చెప్పే టన్నులకు మార్కులు వేయలేదు.